ఇకారియాలో నెమ్మదిగా ఉండటం ఎలా: గ్రీకు దీవికి వెళ్లేవాళ్ల కోసం

క్రిస్తోస్ రాహెస్ అనే కొండ ఊళ్లో దిగిన రోజు, మధ్యాహ్నం నాలుగింటికి రొట్టె, టమాటాలు కొందామని వీధిలోకి వెళ్లాను. అన్ని కొట్లకీ తాళాలే. ఆరింటికి మళ్లీ వెళ్లాను, అప్పుడూ అంతే. ఊరు ఖాళీ చేసి అందరూ ఎటో వెళ్లిపోయారేమో అనిపించింది. ఆకలికి ఉండబట్టలేక రాత్రి పదిన్నరకి బయటికొస్తే ఊరంతా నడివీధిలోనే ఉంది. పిల్లలు బంతాట ఆడుతున్నారు. బేకరీ లోంచి వేడి రొట్టె వాసన వస్తోంది. కిరాణా కొట్టు ముందు ముగ్గురు ముసలివాళ్లు కుర్చీలు వేసుకుని కబుర్లు చెప్పుకుంటున్నారు. వాళ్లలో ఒకాయన లేచి లోపలికి నడిచి నాకు టమాటాలు తూచి ఇచ్చాడు. కొట్టు ఆయనదేనని అప్పుడు తెలిసింది.

ఆ ఊరికి రాత్రిపూట కొట్లు తెరిచే ఊరని గ్రీస్ అంతటా పేరుంది. ఎందుకలా అని అడిగితే తలా ఒక కారణం చెబుతారు. పగలు పొలం పనులుంటాయి కదా అంటారు కొందరు. ఇంకొందరు సముద్రపు దొంగల కాలం దాకా వెళ్తారు. అప్పట్లో ఇకారియా వాళ్లు తీరం వదిలి కొండల్లోకి వెళ్లి, పెద్ద పెద్ద బండరాళ్ల కింద, చాటున, పొగగొట్టం కూడా లేని పొట్టి ఇళ్లు కట్టుకుని బతికారు. పొగ కనబడితే ఓడలోంచి దొంగలు చూస్తారని భయం. అలాంటి ఇళ్లు ఇప్పటికీ కొన్ని నిలబడి ఉన్నాయి. పగలు దాక్కుని, చీకటి పడ్డాక ఒకరినొకరు కలుసుకునే అలవాటు అప్పటిదేనంటారు.

నేను అక్కడ మూడు వారాలున్నాను. ఆ మూడు వారాల్లో ఏ పని ముందు చేశానో, ఏది తప్పు చేశానో, మళ్లీ వెళ్తే ఎలా చేస్తానో వరసగా చెబుతాను. మీరు వెళ్లేది వేరే దీవి అయినా ఇందులో చాలావరకు పనికొస్తుంది.

1. ముందు దీవి, తర్వాత నెల

గ్రీస్‌లో మనుషులుండే దీవులు 227 అని లెక్క చెబుతారు. మనవాళ్లు ఎక్కువగా వెళ్లేది శాంటొరీని, మికొనోస్. అవి చాలా అందమైనవి, కాదనను. కానీ ఉదయం క్రూయిజ్ ఓడ దిగి సాయంత్రం వెళ్లిపోయే వేలమంది మధ్య నెమ్మదిగా ఉండటం కుదరదు. అమోర్గోస్, టీలోస్, లిప్సీ లాంటివి చూడండి. నా ఓటు మాత్రం ఇకారియాకే.

ఇకారియా ఈజియన్ సముద్రంలో తూర్పు వైపున, టర్కీ తీరానికి దగ్గరగా ఉంటుంది. విస్తీర్ణం సుమారు 255 చదరపు కిలోమీటర్లు, జనం ఎనిమిది వేల పైచిలుకు. నడుమ వెన్నెముకలా అథెరాస్ పర్వతం, 1,000 మీటర్ల పైన. గ్రీకు పురాణ కథలో మైనంతో అతికించిన రెక్కలు కట్టుకుని సూర్యుడికి దగ్గరగా ఎగిరి, మైనం కరిగి సముద్రంలో పడిపోయిన ఇకారస్ పేరే ఈ దీవికి వచ్చింది. 1912 జులై 17న ఈ దీవి వాళ్లు ఒట్టోమన్ పాలన మీద తిరగబడి, గ్రీస్‌లో కలిసేదాకా కొన్ని నెలలపాటు స్వతంత్ర రాజ్యంగా ఉన్నారు. సొంత జెండా, సొంత తపాలా బిళ్లలు కూడా ఉండేవి. 1940ల చివర్లో అంతర్యుద్ధ కాలంలో వేలమంది వామపక్షీయులను ప్రభుత్వం ఇక్కడికి ప్రవాసం పంపింది. సంగీత దర్శకుడు మికిస్ థియోదొరాకిస్ కూడా వాళ్లలో ఉన్నాడు. తమకే తిండి చాలని రోజుల్లో ఊళ్లవాళ్లు ఆ వచ్చినవాళ్లకి ఇళ్లల్లో చోటిచ్చారు. ఈ సంగతి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటారు.

ఎక్కువ కాలం బతికే మనుషులున్న 'బ్లూ జోన్'లని ప్రపంచంలో ఐదు చోట్లకి పేరు పెట్టారు, వాటిలో ఇకారియా ఒకటి. ఆ వయసుల రికార్డులను అనుమానించే పరిశోధకులూ ఉన్నారు. ఆ వాదన తేలేదాకా మీరు ఆగక్కర్లేదు. తొంభై దాటినా మెట్ల దారిలో చేతికర్రతో తోటకి వెళ్లే వాళ్లు అక్కడ మీ కళ్లకే కనబడతారు.

నెల సంగతి. మే రెండో సగం, జూన్, సెప్టెంబర్ మంచివి. సెప్టెంబర్‌లో సముద్రం ఇంకా వెచ్చగా ఉంటుంది, ద్రాక్ష కోతలు మొదలవుతాయి, ఊళ్లవాళ్లకి మాట్లాడే తీరిక దొరుకుతుంది. ఆగస్టులో పండగలు ఎక్కువే గానీ గదులు దొరకవు, గాలి విపరీతం. చలికాలంలో చాలా హోటళ్లు మూసేస్తారు. ఈస్టర్ చూడాలనుకుంటే తేదీ జాగ్రత్త: గ్రీకువాళ్లది ఆర్థొడాక్స్ క్రైస్తవుల లెక్క, మన క్యాలెండర్లో ఉండే ఈస్టర్‌తో చాలా ఏళ్లు కలవదు. 2027లో వాళ్లకది మే 2న వస్తుంది.

2. రోజులు పెంచండి, ఊళ్లు తగ్గించండి

మొదటిసారి గ్రీస్ వెళ్లినప్పుడు నేను తొమ్మిది రోజుల్లో నాలుగు దీవులు పెట్టుకున్నాను. నాకు బాగా గుర్తున్నది ఏంటంటే రేవులో సూట్‌కేసు మీద కూర్చోవడం. అందుకే చెబుతున్నాను, ఒకే దీవి, వీలైతే ఒకే ఊరు, కనీసం పది రోజులు. పద్నాలుగు ఉంటే ఇంకా మంచిది. "అంత దూరం వెళ్లి ఒక్క ఊరేనా" అని ఇంట్లోవాళ్లు అంటారు. అననివ్వండి. వేసవి సెలవుల్లో అమ్మమ్మగారి ఊరికి వెళ్లినప్పుడు రోజుకో ఊరు తిరగలేదు కదా. ఆ ఊరు మనదైంది అక్కడే ఉండిపోవడం వల్లే.

కావాల్సింది షెంగెన్ స్వల్పకాలిక వీసా, అంటే యూరప్‌లోని చాలా దేశాలకి కలిపి ఇచ్చేది. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేయొచ్చు, కనీసం 15 రోజుల ముందైనా ఇవ్వాలి. నా సలహా మూడు నెలల ముందే పని మొదలుపెట్టమని, ఎందుకంటే వేసవికి అపాయింట్‌మెంట్లు త్వరగా నిండిపోతాయి. కనీసం 30,000 యూరోల వైద్య ఖర్చులకి సరిపోయే ప్రయాణ బీమా తప్పనిసరి. ఈ వీసా మీద ఏ 180 రోజుల్లోనైనా 90 రోజులకి మించి ఉండకూడదు.

3. వెళ్లేటప్పుడు ఓడ ఎక్కండి

ఏథెన్స్ నుంచి ఇకారియాకి చిన్న విమానం ఉంది, గంటలోపే దిగిపోతారు. అయినా వెళ్లేటప్పుడు మాత్రం పిరేయస్ రేవు నుంచి ఓడలోనే వెళ్లండి. ఏడెనిమిది గంటలు, మధ్యలో ఆగే రేవులను బట్టి ఒక్కోసారి ఇంకా ఎక్కువ. ఏథెన్స్ విమానాశ్రయం నుంచి మెట్రో 3వ లైను, అంటే నీలం లైను, నేరుగా పిరేయస్ దాకా వెళ్తుంది. రేవు చాలా పెద్దది. మీ ఓడ ఏ గేటు నుంచి బయల్దేరుతుందో టికెట్ మీద చూసుకుని గంట ముందే చేరుకోండి.

ఓడ ఎందుకంటే, విమానంలో మన హడావిడి మనతోనే వచ్చి దిగుతుంది. ఓడలో అయితే మూడో గంటకి ఫోన్‌లో సిగ్నల్ పోతుంది, ఐదో గంటకి చూడాల్సిందేమీ మిగలదు, డెక్ మీద పక్కన కూర్చున్న పెద్దావిడ ఒక బిస్కట్టు చేతికిస్తుంది. దీవిలో మీరు చేయబోయేది అదే, ముందుగానే ఓడలో అలవాటవుతుంది.

ఒక్క జాగ్రత్త. ఇకారియాకి రెండు రేవులున్నాయి. దక్షిణాన ఆగియోస్ కిరికోస్, ఉత్తరాన ఎవ్దిలోస్. రెండింటి మధ్య కొండమీది మెలికల రోడ్డు, కారులో గంటకి దగ్గర. మీ గది ఎటువైపుందో చూసుకుని ఆ రేవుకే టికెట్ తీసుకోండి. అర్ధరాత్రి వేరే రేవులో దిగితే టాక్సీ కోసం చాలాసేపు నిలబడాలి.

4. ఊరు ఎంచుకోవడం

సముద్రం కావాలంటే అర్మెనిస్తిస్. కొండ, నడకదారులు, రాత్రి కొట్లు కావాలంటే రాహెస్. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్తే థెర్మా, అక్కడ వేడినీటి బుగ్గలున్నాయి. ఆ నీళ్లలో సహజంగా రాడాన్ అనే రేడియోధార్మిక వాయువు ఉంటుంది కాబట్టి డాక్టర్ని అడిగి, తక్కువసేపే మునగండి. గర్భిణులు, గుండెజబ్బు ఉన్నవాళ్లు అడగకుండా దిగొద్దు.

గది చూసేటప్పుడు వ్యూ కంటే ముందు ఒక విషయం చూడండి: నడిచి వెళ్లేంత దూరంలో కఫెనియో ఉందా? కఫెనియో అంటే ఊరి కాఫీ కొట్టు. మన రచ్చబండ, టీ కొట్టు, పంచాయితీ అరుగు మూడూ కలిపితే అది. దానికి దగ్గరలో ఉంటే మీ ప్రయాణం సగం కుదిరినట్టే.

బస్సులు తక్కువ. కారు తీసుకుంటే ఇక్కడి నుంచే ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ చేయించుకుని వెళ్లండి. మలుపు తిరిగితే రోడ్డు మధ్యలో మేకలుంటాయి, నిదానంగా నడపండి. చెయ్యెత్తితే కారు ఆపి ఎక్కించుకోవడం ఈ దీవిలో మామూలే. నేను అలా చాలాసార్లు వెళ్లాను.

5. మొదటి మూడు రోజులు ఓర్చుకోండి

ఈ భాగం ఎవరూ చెప్పరు, అందుకే కొంచెం వివరంగా రాస్తున్నాను. మొదటి మూడు రోజులు మీకు నచ్చవు. ఏదో మిస్సవుతున్నామన్న టెన్షన్ ఉంటుంది. పొద్దున్నే లేచి ఫోన్‌లో 'చూడాల్సిన పది చోట్లు' వెతుకుతారు. హోటల్లో భోజనం నలభై నిమిషాలకి వస్తే ఒళ్లు మండుతుంది. బిల్లు అడగనిదే ఇవ్వరు. మిమ్మల్ని పట్టించుకోవట్లేదని అనుకుంటారు. నిజానికి అడగకముందే బిల్లు తెచ్చి పెడితే "ఇక లేవండి" అన్నట్టు, అది అక్కడ అమర్యాద.

నాకు పనిచేసిన పద్ధతి ఇది. రోజుకి ఒక్క పని పెట్టుకోండి. ఒక్కటే. "ఈరోజు తేనె కొనాలి" అనుకున్నాను ఒకరోజు. కఫెనియోలో అడిగితే తేనెటీగలు పెంచే ఆయన పక్క ఊళ్లో ఉంటాడన్నారు. నడుచుకుంటూ వెళ్లాను. ఆయన లేడు, వాళ్లావిడ కూర్చోబెట్టి చెంచా మిఠాయి, చన్నీళ్లు ఇచ్చింది. ద్రాక్ష, చిన్న కమలాలు, ఆఖరికి చిన్న వంకాయలు కూడా పాకంలో ఉడికించి, చిన్న పళ్లెంలో ఒక చెంచాడు పెట్టి ఇస్తారు, దాన్నే చెంచా మిఠాయి అంటారు. ఆయన వచ్చేసరికి సాయంత్రమైంది. శరదృతువులో పూసే ఒక కొండ పొద నుంచి వచ్చే ముదురు రంగు తేనె, చిక్కగా పేరుకుని ఉంటుంది, అది ఒక డబ్బా ఇచ్చాడు. ఒక్క తేనె డబ్బాకి రోజంతా పట్టింది. ఆ రోజు నాకు గంట గంటా గుర్తుంది.

నాలుగో రోజుకి మీలో ఏదో వదులవుతుంది. చెయ్యి దానంతటదే ఫోన్ వైపు వెళ్లడం తగ్గుతుంది. అదెప్పుడు జరిగిందో కూడా మీకు తెలియదు.

6. కాఫీ తాగడం నేర్చుకోండి

గ్రీకు కాఫీని బ్రికి అనే చిన్న పిడి గిన్నెలో, మెత్తటి పొడి, నీళ్లు, చక్కెర అన్నీ కలిపి సన్న సెగ మీద కాస్తారు. చక్కెర తర్వాత వేసుకోవడం ఉండదు, ముందే చెప్పాలి. చక్కెర వద్దంటే స్కెతోస్, మధ్యస్తంగా అయితే మెత్రియోస్, తీపిగా అయితే గ్లికోస్. మన నాలుకకి మెత్రియోస్‌తో మొదలుపెట్టడం మంచిది. పక్కన గ్లాసుడు నీళ్లు ఇస్తారు. కప్పు రాగానే తాగకండి, కలపకండి. పొడి అడుక్కి దిగాలి. అడుగున మిగిలిన మడ్డి తాగరు.

ఒక చిన్న కప్పుకి గంట పడుతుంది, అదే పద్ధతి. రోజూ ఒకే కఫెనియోకి, ఒకే వేళకి వెళ్లండి. మొదటి రోజు తలెత్తి చూస్తారు. రెండో రోజు "కలిమేరా" అంటారు. నాలుగో రోజు మీరు నోరు విప్పకముందే మెత్రియోస్ వచ్చేస్తుంది. వారం తిరిగేసరికి ఎవరో మీ కాఫీ డబ్బులు ఇచ్చేసి ఉంటారు. ఎవరిచ్చారో యజమాని కళ్లతోనే చూపిస్తాడు. దీన్ని కేరస్మా అంటారు. అప్పుడు వెంటనే లేచి బాకీ తీర్చినట్టు తిరిగి కొనివ్వొద్దు. గుండె మీద చెయ్యి పెట్టుకుని తల వంచితే చాలు. రెండ్రోజులాగి, మాట మధ్యలో, మీరూ ఆయనకి ఒక కప్పు చెప్పండి.

తావ్లీ ఆడుతుంటే పక్కన కూర్చుని చూడండి. పాచికలతో ఆడే బల్ల ఆట అది, ఇంగ్లిష్‌లో బ్యాక్‌గామన్ అంటారు. ఎత్తు సలహాలు ఇవ్వొద్దు, అందుకు వేరే పెద్దలున్నారు.

ఇక్కడి నుంచి ఏదైనా తీసుకెళ్లి ఇవ్వాలనుకుంటే అరకు కాఫీ పొడి తీసుకెళ్లండి. కాఫీ మీద అంత ప్రేమ ఉన్నవాళ్లకి మన తూర్పు కనుమల్లో కాఫీ పండుతుందంటే ఆశ్చర్యం. నేనిచ్చిన పొడిని బ్రికిలోనే కాచి నలుగురూ రుచి చూసి, అరగంట చర్చించుకున్నారు. నెయ్యి, పాల మిఠాయిలు మాత్రం వద్దు. బయటి దేశాల నుంచి పాల పదార్థాలు, మాంసం యూరోపియన్ యూనియన్‌లోకి సామానులో తీసుకురావడం నిషేధం.

7. మధ్యాహ్నం పడుకోండి

మెసిమేరి అంటే మధ్యాహ్నం. వేసవిలో మూడు నుంచి ఐదున్నర దాకా నిశ్శబ్దపు వేళ. అది మర్యాద మాత్రమే కాదు, చట్టం కూడా. ఆ వేళ తలుపు తట్టకూడదు, ఫోన్ చేయకూడదు, బాల్కనీలో గట్టిగా వీడియో కాల్ మాట్లాడకూడదు. మనకీ ఒకప్పుడు అన్నం తిన్నాక చాప పరుచుకుని నడుం వాల్చే అలవాటుండేది. కిటికీ చెక్కలు మూసి, ఆ మసక వెలుతురులో పడుకోండి. నిద్ర రాకపోయినా లేవకండి. రాత్రి పన్నెండింటికి ఊరు మేలుకుని ఉన్నప్పుడు మీరూ మేలుకుని ఉండాలంటే ఈ నిద్ర అవసరం.

8. శాకాహారులకు భయం లేదు

"అక్కడ ఏం తింటారు?" అని నన్ను అడగనివాళ్లు లేరు. గ్రీకు వంటలో మాంసం చాలా ఉంటుందన్నది నిజం. కానీ ఇకారియాలో చాలాకాలం మాంసం పండగకే. రోజూ తిండి పప్పులు, ఆకుకూరలు, ఆలివ్ నూనె.

మొదట గుర్తుంచుకోవాల్సిన మాట లాదెరా. కూరగాయల్ని ఆలివ్ నూనెలో మెల్లగా మగ్గించే వంటలన్నిటికీ కలిపి ఆ పేరు. మెనూలో అది కనబడితే కళ్లు మూసుకుని చెప్పొచ్చు. ఇకారియా సొంత వంట సుఫికో. వంకాయ, జుకినీ, క్యాప్సికం, ఉల్లిపాయ, టమాటా నూనెలో సన్న సెగ మీద మగ్గిస్తారు. గుత్తి వంకాయ తిని పెరిగినవాళ్లకి ఇది మసాలా లేని దూరపు చుట్టంలా అనిపిస్తుంది. టమాటాల్లో, క్యాప్సికంలో బియ్యం కూరి కాల్చేవి గెమిస్తా. మాంసం లేకుండా చేసిన వాటిని ఓర్ఫనా అంటారు, అనాథలని అర్థం. ఆ మాట చెప్పి అడగండి.

రెండో మాట నిస్తీసిమో, అంటే ఉపవాసపు తిండి. ఆర్థొడాక్స్ క్రైస్తవుల ఉపవాసాల్లో మాంసం, పాలు, గుడ్లు ఉండవు. ఈస్టర్‌కి ముందు వారాల్లో, ఆగస్టు 1 నుంచి 14 దాకా ఆ వంటలు ఎక్కువగా దొరుకుతాయి. అయితే ఆక్టోపస్, రొయ్యలు ఉపవాసంలో తినొచ్చు, కాబట్టి "ఇమె హోర్తోఫాగోస్", నేను శాకాహారిని, అని కూడా చెప్పండి. ఆడవాళ్లూ అదే మాట అంటారు.

నాకు కళ్లల్లో నీళ్లు తెప్పించింది మాత్రం ఆకుకూరలు. కొండమీద ఏరుకొచ్చిన ఆకులన్నిటినీ హోర్తా అంటారు. ఉడికించి, నూనె పోసి, నిమ్మకాయ పిండి ఇస్తారు. వేసవిలో వ్లితా అని ఒకటి తెచ్చి పెట్టారు. నోట్లో పెట్టుకోగానే తెలిసిపోయింది, అది తోటకూర! ఇంకోరోజు టమాటా సలాడ్‌లో గ్లిస్త్రిదా అన్నారు, చూస్తే గంగవాయిలి కూర. మన చేలగట్ల మీద ఎవరూ నాటకుండా మొలిచేదే. మావ్రోమాటికా అంటే 'నల్లకళ్లవి', అంటే అలసందలు. ఇంటికి దూరంగా, ఇన్ని సముద్రాల అవతల, ఎవరి పెరట్లోనో మన అమ్మమ్మ ఏరే ఆకులే ఏరుతున్న ఇంకో అమ్మమ్మని చూశాను. ఆవిడ దగ్గర కూర్చుని తోటకూర కాడలు నేనూ తుంచాను. మా ఇద్దరికీ తెలిసిన భాష ఒక్కటీ లేదు, ఆ అవసరమూ పడలేదు.

మేకపాల చీజ్‌ని కథూరా అంటారు, తాజాది దొరికితే వదలొద్దు. రాత్రి పడుకునే ముందు సేజ్ ఆకు గానీ, ఫ్లిస్కూని అనే అడవి పుదీనా గానీ మరిగించిన నీళ్లు తేనెతో తాగుతారు. వైన్ తాగేవాళ్లకి ఒక మాట: ప్రాచీన గ్రీకు కవి హోమర్ కావ్యాల్లో వచ్చే ప్రామ్నియన్ వైన్ తమదేనని ఇకారియా వాళ్లు చెప్పుకుంటారు. ఇంట్లో చేసిన వైన్ గట్టిగా ఉంటుంది. నీళ్లు పక్కన పెట్టుకోండి.

9. పది మాటలు చాలు

కలిమేరా, శుభోదయం. కలిస్పేరా, శుభ సాయంత్రం. ఎఫ్‌ఖరిస్తో, ధన్యవాదాలు. పరాకలో, దయచేసి. దారిలో ఎదురైన ప్రతివాళ్లకీ మీరే ముందు పలకరించండి. చిన్న ఊళ్లో పలకరించకుండా పక్కనుంచి వెళ్లిపోవడం తప్పు.

'నే' అంటే అవును. హిందీ 'నా' చెవిలో ఉన్న మనకి ఇది వారం దాకా తికమకే. కాదు అనడానికి 'ఓహి'. చాలాసార్లు అదీ అనరు, గడ్డం కొంచెం పైకెత్తి కనుబొమలు లేపుతారు, అంతే. అవునూ కాదూ మధ్యలో మనం ఊపే తల ఊపు వాళ్లకి బొత్తిగా అర్థం కాదు.

అన్నిటికంటే ఎక్కువ వినబడేది "సిగా సిగా". మెల్లగా, మెల్లగా అని. మీరు హడావిడిగా చిల్లర వెతుక్కుంటుంటే అంటారు. మెట్లెక్కి ఆయాసపడుతుంటే అంటారు. మందలింపు కాదది. పరిగెత్తుకొచ్చిన పిల్లవాడితో అమ్మమ్మ అనే "నెమ్మది నాయనా" లాంటిది.

10. పనిగిరికి తప్పకుండా వెళ్లండి

పనిగిరి అంటే ఊరి పునీతుడి పేరున జరిగే పండగ, మన జాతరలా. మే నుంచి శరదృతువు దాకా ఏదో ఒక ఊళ్లో జరుగుతూనే ఉంటాయి. అన్నిటికంటే పెద్దది ఆగస్టు 15న లంగాదా లోయలో. మీరు వెళ్లినప్పుడు ఎక్కడ ఉందో కఫెనియోలో అడగండి, గోడలకి అంటించిన కాగితాలు చూడండి.

పొడవాటి బల్లలు వేస్తారు. మేక మాంసం కిలోల లెక్కన, వైన్ సీసాల లెక్కన, పక్కన రొట్టె, సలాడ్, బంగాళాదుంపలు. శాకాహారులు ముందే కాస్త తిని వెళ్లడం మంచిది. వచ్చిన డబ్బు ఎవరి జేబులోకీ పోదు. ఊరి రోడ్డుకో, గుడికో, కష్టంలో ఉన్న కుటుంబానికో వెళ్తుంది. వండేవాళ్లు, వడ్డించేవాళ్లు ఆ ఊరివాళ్లే, జీతం లేదు. అందుకే వడ్డన ఆలస్యమైతే విసుక్కోవద్దు. మీరే లేచి వెళ్లి పళ్లెం తెచ్చుకోండి, వాళ్లకి సంతోషం.

రాత్రి పది దాటాక వయొలిన్ అందుకుంటుంది. ఇకారియోటికోస్ అనే నాట్యం మొదలవుతుంది. ఒకరి భుజాల మీద ఒకరు చేతులు వేసుకుని గుండ్రంగా తిరుగుతారు. మెల్లగా మొదలై, పోనుపోను వేగం పెరిగి, వలయం లోపల వలయం, పదహారేళ్ల పిల్ల పక్కన ఎనభయ్యేళ్ల తాత. అడుగులు రావని కూర్చుండిపోకండి. ముందు పావుగంట అంచున నిలబడి కాళ్లు చూడండి. తర్వాత ఇద్దరి మధ్యకి వెళ్లండి, చెయ్యి తీసి చోటిస్తారు. వరస మొదట్లో నిలబడొద్దు, అది నడిపించేవాళ్ల చోటు. తప్పు అడుగు వేసినా మీ భుజం మీది చేతులు మిమ్మల్ని సరైన వైపుకి లాగేస్తాయి. నేను తెల్లవారుజామున నాలుగింటికి ఆ వలయంలో ఉన్నాను. ఎంతసేపు తిరిగానో చెప్పలేను. ఎడమ పక్కన ఉన్నాయన పేరు ఇప్పటికీ తెలియదు.

మర్నాడు ఏ పనీ పెట్టుకోకండి. ఊళ్లో ఎవరూ పెట్టుకోరు.

11. గాలి వస్తే

జులై, ఆగస్టుల్లో ఉత్తరం నుంచి మెల్తెమి అనే పొడిగాలి రోజుల తరబడి వీస్తుంది. గాలి వేగాన్ని కొలిచే బోఫర్ట్ లెక్కలో 8కి చేరితే సాధారణంగా ఓడలు ఆపేస్తారు. ఆ నిషేధాన్ని అపగోరెఫ్తికో అంటారు. కాబట్టి ఏథెన్స్ నుంచి తిరుగు విమానానికీ, దీవి వదిలే రోజుకీ మధ్య రెండు రోజులు ఖాళీ ఉంచండి. ఇది మాత్రం తప్పనిసరిగా పాటించండి. నాకు ఒకరోజు ఓడ రద్దయింది. ఆ రెండు రోజుల ఖాళీ ఉండబట్టి నిశ్చింతగా వెనక్కి వెళ్లి, అదే కుర్చీలో కూర్చున్నాను. కఫెనియో యజమాని "పోలేదా?" అన్నట్టు చూసి, మెత్రియోస్ పెట్టాడు.

గాలి ఉన్నప్పుడు ఉత్తర తీరంలో ఈత వద్దు. మెసాక్తి, నాస్ దగ్గర లోపలికి లాగే ప్రవాహాలుంటాయి. నాస్‌లో వాగు వచ్చి సముద్రంలో కలిసే చోట ఆర్టెమిస్ దేవత గుడి శిథిలాలున్నాయి, ఆ రోజు అవి చూసి రండి.

12. మరికొన్ని చిన్న సంగతులు

నగదు దగ్గర ఉంచుకోండి, కొండ ఊళ్లలో కార్డు అన్నిచోట్లా నడవదు. టాయిలెట్ కాగితం కమోడ్‌లో వేయొద్దు, గొట్టాలు సన్నవి, పక్కన బుట్ట ఉంటుంది. అత్యవసరమైతే 112. ఆసుపత్రి ఆగియోస్ కిరికోస్‌లో ఉంది. రోజూ వేసుకునే మందులు మీరు ఉండే రోజులకంటే ఇంకో వారానికి సరిపడా ఎక్కువ తీసుకెళ్లండి. ముసలివాళ్ల ఫొటోలు అడగకుండా తీయొద్దు. ఎక్కువకాలం జీవించేవాళ్ల ఊరని విని కెమెరాలు పట్టుకొచ్చేవాళ్లు ఎక్కువయ్యారు, పెద్దవాళ్లకి అది బాధగా ఉంది.

13. వెళ్లే రోజు

ముందు రోజు సాయంత్రమే అందరికీ చెప్పండి. ఓడ ఎక్కే ముందు హడావిడిగా చేయి ఊపి వెళ్లిపోతే వాళ్లకి నచ్చదు. కఫెనియోలో కూర్చుని, ఆఖరి కప్పు మామూలుగానే గంటసేపు తాగండి. ఆ రోజు డబ్బులు తీసుకోరు, వాదించొద్దు. ఎండబెట్టిన ఒరెగానో కట్టో, సేజ్ ఆకుల పొట్లమో చేతిలో పెడతారు. నాకు పెట్టిన ఆవిడ, తోటకూర తుంచిన ఆవిడే.

"కలీ అందామోసీ" అంటారు అప్పుడు. మళ్లీ మంచిగా కలుసుకుందాం అని. మనం "పోతున్నా" అనం కదా, "వెళ్లొస్తా" అంటాం. నేను తెలుగులోనే అన్నాను. ఆవిడ "నే, నే" అంది.